లేని వేలి ముద్ర

మా వీధిలో పుస్తకాలు బైండింగ్ చేసే అక్కకు నలభై రెండేళ్లు. పిల్లల నోటుపుస్తకం వీపు ఊడితే ఊరికే కుట్టి ఇస్తుంది. పక్కనే పీట వేసుకుని దారం ఎక్కించి ఇచ్చే ముసలమ్మ ఆమె కన్నతల్లి. కాగితాల ప్రకారం మాత్రం మొన్నమొన్నటిదాకా ఏమీ కాదు.

అక్కకు ఆరేళ్లప్పుడు ఆ తల్లి ఒక ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పనిచేసేది. భర్త అప్పటికే పోయాడు. ఒకనాడు కత్తి కింద పడి ఎడమ బొటనవేలు మొదలంటా తెగింది. నెల్లాళ్లు ఆసుపత్రిలోనే. పిల్లను చూసుకుంటామని ప్రెస్సు యజమాని దంపతులు తీసుకెళ్లారు. ఆమె తిరిగొచ్చి అడిగితే, "దత్తతకు వేలిముద్ర వేసిచ్చావు కదే, మత్తులో మర్చిపోయావా?" అన్నారు. చదువురాని మనిషి, వేసే ఉంటాననుకుంది. బిడ్డను వదిలించుకుందని నలుగురూ అంటుంటే తల వంచుకుంది. ఆ 'కూతురు' బడి మొహం చూడకుండా వాళ్లింట్లో అంట్లు తోమింది, ప్రెస్సులో ఫారాలు మడిచింది. పెద్దయ్యాక బయటపడి తల్లిని వెతుక్కుంది.

దేవుడి పటానికి రోజూ దండం పెట్టే ఇల్లే అది. సిరా పూసే వేళకు ఆ పటం కనబడలేదు కాబోలు.

పోయిన ఏడు ముసలమ్మకు జబ్బు చేసింది. "నేను పోయేలోగా ఒక్కటి తేల్చవే. నిన్ను నేనిచ్చానా?" అంది. మర్నాడే అక్క వకీలమ్మ దగ్గర కూర్చుంది.

"నాకీ దత్తత వద్దమ్మా. రద్దు చేయించండి."

"పెద్దయ్యాక వద్దనుకుంటే పోయేది కాదిది. పేరు మార్చుకోవచ్చు, కానీ పేరొక్కటే మారుతుంది. అసలు దత్తతే చెల్లదని రుజువు చేస్తే వేరు. మీ అమ్మ ఒప్పుకోలు నిజమో కాదో ఆ కాగితం చూడాలి."

"నేనెప్పుడూ చూడలేదు."

"ఇన్నాళ్లూ ఏం చేశావని కోర్టులో అడుగుతారు. అదే చెప్పు."

రిజిస్ట్రారు ఆఫీసు రికార్డు గది గుమాస్తా అక్క వెంట వచ్చిన ముసలమ్మను చూసి తన కుర్చీ తుడిచి ఇచ్చాడు, మంచినీళ్లు తెచ్చాడు. పాత దస్తావేజు తీసి పైకి చదివాడు: "కన్నతల్లి ఎడమ బొటనవేలి ముద్ర." అందరి దగ్గరా తీసుకునేది ఆ వేలిదే కనుక అలవాటుగా రాసేశారు. చెయ్యి పట్టి చూసినవాడు లేడు.

గుమాస్తా చూపు గ్లాసు పట్టుకున్న చేతి మీద ఆగింది. "ఇదెప్పుడు పోయిందమ్మా?"

"దీన్ని తీసుకెళ్లకముందే నాయనా."

ఆసుపత్రి పాత పుస్తకంలో తేదీ దొరికింది. వేలు పోయిన పదకొండో రోజున ఆ వేలితోనే ముద్ర వేయించారన్నమాట!

కోర్టులో యజమాని, "తిండి పెట్టి పెంచాం, విశ్వాసం లేదు" అన్నాడు.

"తిండి పెట్టారు, చాకిరీ చేశాను. ఆ లెక్క తీరింది. ముప్పై ఆరేళ్లు మా అమ్మ తలెత్తలేదు. దానికేం పెడతారయ్యా?" అంది అక్క.



ఆ దత్తత మొదటినుంచీ చెల్లదని తీర్పొచ్చింది. వకీలమ్మ చదివి వినిపిస్తుంటే ముసలమ్మ అడ్డొచ్చింది.

"అంటే నేనివ్వలేదనేగా?"

"ఇవ్వలేదు పెద్దమ్మా."

"ఆ మాట అందులో ఉందా? ఏదీ, ఎక్కడుందో చూపించు."

వకీలమ్మ ఆ వరుస చూపించింది. ముసలమ్మ ఎడమచేతి నాలుగు వేళ్లూ దాని మీద ఆనించి, చాలాసేపు తీయలేదు.