నడుం పట్టీల ట్రయల్

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో, కూరెకుప్ప దగ్గర ఉక్కు కొలుములకు ఇటుకలు చేసే ఒక ఫ్యాక్టరీలో నేను హెల్త్ సెంటర్ నర్సుగా ఉన్నాను. డాక్టరు అప్పుడప్పుడే వచ్చేవారు. నడుం నొప్పులన్నీ నా దగ్గరికే. వాటిని తగ్గించాలని కంపెనీ ట్రయల్‌కు నడుం పట్టీలు తెప్పించింది. ఛాతీకి ఒక పలక, తొడలకు పట్టీలు, వీపు వెంబడి స్ప్రింగులు. వంగినప్పుడు సగం బరువు అవే మోస్తాయి. నిజంగానే మోశాయి, ఆ మాట దాచను. మగవాళ్ళు ఆయింట్‌మెంటుకు రావడం మానేశారు.

ఆడవాళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు. మా వైపు ఆడవాళ్ళు చీర మీదే మగవాళ్ళ చొక్కా తొడుక్కుని పనిలోకి దిగుతారు. చీర మీద తొడ పట్టీ నిలవదు. పట్టీ లేనివాళ్ళు ఇటుకలు పేర్చే లైనులోకి రాకూడదని సేఫ్టీ మేనేజరు ఆర్డరు వేశాడు. లైను తప్పితే మిగిలేది ఊడ్చే పని, కూలి బాగా తక్కువ. భలే న్యాయం!

రత్నమ్మదీ నాదీ ఒకే చర్చి. భర్త మంచం పట్టాక ఇల్లు ఆమె కూలి మీదే నడుస్తోంది. ఆర్డరు వేసిన మర్నాడే భర్త ప్యాంటు తొడుక్కుని, దాని మీద పట్టీ బిగించుకుని వచ్చింది. మగవాళ్ళు నవ్వినా లెక్కచేయలేదు. ఆమెను చూసి మరికొందరు ఆడవాళ్ళూ ప్యాంట్లు తొడిగారు. షిఫ్టు చివర ఎక్కడ నొప్పి అని అందరినీ అడగడం నా డ్యూటీ. ఆమెది ఎప్పుడూ ఒకటే జవాబు: "ఏం లేదు సిస్టరమ్మా, బాగుండాది."

ఒకరోజు ఆమె ఎండకు కళ్ళు తిరిగి పడితే మోసుకొచ్చారు. గాలి తగలాలని చొక్కా, ప్యాంటు విప్పాను. రొమ్ముల మీద పలక నొక్కిన చోటల్లా నల్లగా కమిలిపోయింది. తొడలు ఒరుసుకుపోయి పచ్చిగా ఉన్నాయి.

"ఏంది రత్నమ్మా ఇది? నోరు లేదా నీకు?" అని అరిచాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరుకు చెప్పొద్దు సిస్టరమ్మా, నీకు దండం పెడతా. లైన్లో నుంచి తీసేస్తారు. మా ఆయప్పకు మందులు యాడ్నుంచి తేవల్ల?"

గాయం చూసి ఊరుకోవడం నర్సు చేయకూడని పని. చెప్పాను. ఆడవాళ్ళ కొలతకు వేరే పట్టీలు కావాలని డాక్టరు రాశారు. కంపెనీ వాటిని తెప్పించలేదు, ఆడవాళ్ళనే లైను నుంచి తీసేసింది.

హెల్త్ సెంటర్ ముందు ఊడుస్తూ రత్నమ్మ ఒక్కసారి తలెత్తింది. "గుడ్డ మార్చుకొని వస్తిని సిస్టరమ్మా. ఒళ్ళు యాడ మార్చుకునేది?"



ట్రయల్ బ్రహ్మాండంగా జరిగిందని మీటింగులో చప్పట్లు కొట్టారు. పట్టీ సరిపోనివాళ్ళెవరూ లైనులో లేరు కనుక, పట్టీతో ఎవరికీ ఇబ్బంది లేదని తేలింది. ఇప్పుడు ఏ ట్రయల్ ఫలితం విన్నా, మధ్యలో ఎవరిని తీసేశారని ముందు అడుగుతాను.