రిజిస్టరులో లేని ఊరు

మా లేబ్ మేడమ్ పోయారని మొన్న పొద్దున్న పలాస నుంచి కబురొచ్చింది. అక్కడి ఆస్పత్రి రక్తపరీక్షల గదిలో ఆవిడ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. చేతిలో సూది కింద పెట్టేశాను.

తొంభైల చివర్లో నేను చేరేనాటికే ఏ ఊరివాళ్లు ఎప్పుడొస్తారో ఆవిడకు కంఠతా వచ్చు. బారువ వాళ్లు చేపల వేట లేని రోజుల్లో వస్తారు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు జ్వరం ముదిరాక గానీ రారు. టౌనువాళ్లు ఒంట్లో బాగున్నా షుగరు చూపించుకుంటారు. సాయంత్రం రిజిస్టరు తీసి, ఊళ్ల పేర్ల మీద వేలు నడిపిస్తూ చదివేవారు.

ఒకరోజు ఆ వేలు ఆగింది. "కవిటి కాడ మీ ఊరు ఇందులో నేదేటిరా?"

"మావోల్లకి జబ్బులు నేవు మేడమ్," అన్నాను గొప్పగా.

"పేరు నేదంటే జబ్బు నేదని కాదురా. మీ నాన్న ఎప్పుడైనా సూపించుకున్నాడా?"

అంతకుముందు ఒకసారి అడిగితే నాన్న అన్నమాట చెప్పాను. "కిడ్నీ పరీచ్చ సేయించుకున్నోలే పోతన్నార్రా, ఒగ్గీ," అని కొట్టిపారేశాడు. మా ఊరంతటిదీ అదే మాట. పోయినవాళ్లు మంచం పట్టాకే పెద్దాస్పత్రుల్లో పరీక్షకు వెళ్లారని ఎవరికీ తోచలేదు. లేబ్‌లో పనిచేస్తున్న నాకూ తోచలేదు.

ఆ ఆదివారం మేడమ్ ఐసుపెట్టె పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మొదటి బస్సులో మా ఊరొచ్చారు. నచ్చజెబుతారనుకున్నాను. మా అరుగు మీద కూర్చుని నా వైపు చెయ్యి చాపారు. "ముందు నాది తియ్యి."

తీశాను. దూది నొక్కి, మోచెయ్యి మడుచుకుని, నాన్నతో కొబ్బరి తెగులు గురించి కబుర్లలో పడ్డారు. కాసేపటికి, "పరీచ్చకి రత్తం ఇచ్చీసినాను. నాను పోనేదు కదన్నా?" అన్నారు.

నాన్న నవ్వేశాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయన వెనక ఇంకో ఆరుగురు.

నాన్న రక్తంలో, కిడ్నీ దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ కాస్త ఎక్కువొచ్చింది. డాక్టరు నొప్పుల మాత్రలు మానిపించి మందులు రాశారు. ఆయన ఈడువాళ్లు చాలామంది వెళ్లిపోయారు, నాన్న ఇంకా తోటకు నీళ్లు పెడుతున్నాడు. ఆవిడతో అన్నేళ్లు అదే రిజిస్టరు నేనూ చదివాను. అందులో రాయని మనుషులు ఆవిడకే కనబడ్డారు.

ఆవిడ పోయిన సంగతి నాన్నకు చెప్పాను. అరుగు మీద, ఆరోజు కూర్చున్నచోటే కూర్చున్నాడు. ఎడమ మోచెయ్యి మడిచి, ఆ మడతను కుడిచేత్తో దూది ఉన్నట్టే నొక్కిపట్టాడు.