లెక్కని నమ్మని గార్డు మామయ్యగారు

మా పక్కింటి గార్డు మామయ్యగారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారని అమ్మ నా ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పింది. "పక్కానా?" అన్నాను. తిట్టింది. చదువరులు నన్ను కఠినాత్ముడనుకోవద్దు. ఆ ప్రశ్న ఆయన నాకిచ్చిన విద్య.

రిటైరయ్యేదాకా ఆయన గూడ్సు బళ్ళకి గార్డు. ఆ తర్వాత దేవేంద్ర నగర్‌లో తమ వరండాలో మాలాంటి డిగ్రీ నిరుద్యోగులకి రైల్వే క్లర్కు పరీక్ష లెక్కలు చెప్పారు. లెక్కల మీద నిఘా పెట్టించారనడం న్యాయం. దేన్నీ పైనుంచి చదవనిచ్చేవారు కాదు. "ముందు చివరి లైను చూడరా. వాడికేం కావాలో అక్కడ దాచుకుంటాడు. పైనదంతా మనల్ని తిప్పడానికే."

"వాడు" అంటే ప్రశ్న రాసినవాడు. తొట్టి లెక్కొస్తే అడుగున చిల్లుందేమో చూడమనేవారు. తండ్రీకొడుకుల వయసుల లెక్కొస్తే, "ఎప్పటి వయసు? అడుగు వాణ్ణి!" అనేవారు. లోపల్నుంచి అత్తయ్యగారు, "ఎవరండీ ఆ వాడు? ఇన్నేళ్ళుగా మనింట్లోనే ఉంటున్నాడు, ఒక్కరోజూ టీ తాగి ఎరగడు" అనేవారు.

ఆ పరీక్ష నాకు ఆఖరి ఛాన్సు. తప్పితే బీర్‌గావ్‌లో ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబెడతానని నాన్న ప్రకటించేశారు.

పరీక్షలో ఓ లెక్క. రెండొందల యాభై మీటర్ల గూడ్సు బండి గంటకి తొంభై కిలోమీటర్ల వేగంతో ఒక స్తంభాన్ని దాటడానికి ఎంతసేపు? పది సెకన్లు. జవాబు ఎదురుగానే ఉంది. అందుకే అనుమానమొచ్చింది. మా ఇళ్ళ వెనక లైన్లో గూడ్సు పోవడం మొదలెడితే టీ తాగి గ్లాసు కడిగినా అవదు. ఇంత పొట్టి గూడ్సా? అంత పరుగా? వాడు దొరికాడనుకుని "ఇవేవీ కావు" అన్నచోట టిక్కు పెట్టాను. అదే ఊపులో ఇంకో నాలుగింటి సంగతీ తేల్చాను.

వచ్చి గర్వంగా చెబితే మామయ్యగారి మొహం పాలిపోయింది.

"గూడ్సు తొంభైలో పోతుందా? మీరే చెప్పండి!" అన్నాను.

"పోదురా. కానీ అది కాగితం మీది గూడ్సు. దాని వెనక నేను లేనుగా."

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదని అత్తయ్యగారు చెప్పారు. తను చెప్పిన చదువే నన్ను ముంచిందని ఆయన అనుమానం. నా అనుమానమూ అదే.

మే నెలలో పేపర్లో పాసైనవాళ్ళ జాబితాలో నా నంబరు కనిపించింది. నాన్న లడ్డూలు ముందు పక్కింటికే పట్టుకెళ్ళారు. మామయ్యగారు తీసుకోలేదు. "పేపర్లో అచ్చుతప్పులుంటాయండీ. కుర్రాణ్ణి ఉత్తినే ఆశపెట్టకండి" అని, ఎర్రటి ఎండలో సైకిలెక్కి స్టేషన్ వైపు పోయారు.

"ఓర్వలేక" అన్నారు నాన్న. నేను కాదనలేదు. దానికి ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

రెండు గంటల తర్వాత వచ్చారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చంకలో ఇంకో రెండు పేపర్లు. లోపలికి రమ్మన్నా రాకుండా గేటు దగ్గరే నిలబడి, "మూడు పేపర్లలోనూ ఉందమ్మా. ఇప్పుడివ్వు లడ్డూ" అన్నారు అమ్మతో.

లడ్డూ నములుతూనే పిట్టగోడ మీద పేపరు పరిచి, నా నంబరు కింద వేలు పెట్టి ఒక్కో అంకె మళ్ళీ చదువుకుంటున్నారు. నుదుటి చెమట ఓ చుక్క దాని పక్కనే పడింది. అంకె ఎక్కడ చెరిగిపోతుందోనని, చొక్కా అంచుతో గబగబా అద్దారు.