జాలికి అమ్ముడైన కొవ్వొత్తులు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో కొన్నేళ్లు పనిచేసిన నేను, పాప పుట్టాక ఉద్యోగం మానేసి, శామీర్‌పేటలో మా ఇంటి మేడమీది గదిలో కొవ్వొత్తులు చేయడం మొదలుపెట్టాను. ఉద్యోగం నా ఇష్టంతో మానలేదు. కంపెనీ క్యాబు మా వాడలోకి రానంది. తెల్లవారకముందే మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్లి నిలబడమంది. పాలు తాగే పిల్ల ఉంది, పగటి షిఫ్టు ఇవ్వండని అడిగితే, "ఫ్యామిలీయే ముఖ్యమైతే ఇంట్లోనే ఉండొచ్చు కదమ్మా" అన్నాడు మా మేనేజరు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాయిన మేడ్చల్‌లో ప్లాట్లు అమ్మిపెడతాడు. నేను కొవ్వొత్తులు చేస్తున్నానని తెలిసి నవ్వాడు. "గీ మైనం పనేంది బిడ్డా? నాతోని సైటు కాడికి రా. ఒక్క ప్లాటు అమ్మిపిస్తే సాలు, గీ గిన్నెలు కడిగే పని తప్పుతది" అన్నాడు. నేను పోలేదు.

మొదటి ఎండాకాలం నన్ను బాగా ఏడిపించింది. మేడ్చల్‌లోని దుకాణాలకు పంపిన కొవ్వొత్తులు దారిలోనే మెత్తబడి, ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోయాయి. కొన్ని పైన చెమట పట్టినట్టు నూనె కక్కాయి. కొన్నింటిలో ఒత్తి సన్నమై, దాని చుట్టూ మాత్రమే మైనం కరిగి, మధ్యలో గుంటపడి ఆ గుంటలోనే దీపం కొండెక్కేది. ల్యాబులో చేసినట్టే, ఒక్కోసారి ఒక్కటే మార్చి చూశాను. ఒకసారి ఒత్తి లావు, ఒకసారి మైనం పోసే వేడి, ఒకసారి సువాసన నూనె మోతాదు. ఒత్తి పక్కకు ఒరగకుండా అచ్చు మీద రెండు చీపురు పుల్లలు అడ్డంపెట్టి నిలబెట్టేది మా అత్తమ్మ. మైనం గట్టిపడే దాకా గదిలో ఎవరినీ ఫ్యాన్ వేయనిచ్చేది కాదు. వానలు మొదలయ్యేసరికి మా కొవ్వొత్తి అడుగుదాకా సమంగా కాలడం నేర్చుకుంది.

అప్పుడే బౌరంపేట్ దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉండే ఒకావిడ మా ఇంటికి వచ్చింది. ఎవరింట్లోనో మా కొవ్వొత్తి చూసిందట. దీపావళికి వాళ్ల క్లబ్‌హౌస్‌లో ఎగ్జిబిషన్ ఉందని, మా సరుకంతా తనే అమ్మిపెడతానని చెప్పింది. ఎంత మర్యాదగా మాట్లాడిందో! అత్తమ్మ ఇచ్చిన చాయ్ తాగి, పాపను ఎత్తుకుని ముద్దు చేసింది. పోయేముందు ఫోటో తీస్తానంది.

నేను ఉతికిన డ్రెస్సు వేసుకుని, అచ్చులు పేర్చిన బల్ల దగ్గర నిలబడ్డాను.

"ఇక్కడొద్దండీ. ఆ వెనక సున్నం రాలిన గోడ ఉంది కదా, అక్కడ బాగుంటుంది. పాత కాటన్ చీర ఏమైనా ఉందా?" అంది.

కట్టుకున్నాను.

"కళ్లద్దాలు తీసేయండి. మెరుస్తున్నాయి."

తీశాను. ఫోటోల సంగతి ఆమెకు తెలుసు కదా అనుకున్నాను.

ఎగ్జిబిషన్ రోజు నేను రానక్కర్లేదని, ఎందుకు శ్రమ అని చెప్పింది. మధ్యాహ్నానికల్లా ఫోన్ చేసి, సరుకు అయిపోతోంది, ఇంకో అట్టపెట్టె ఎవరితోనైనా పంపించమంది. నా కొవ్వొత్తులు జనం కొంటుంటే ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. నేనూ అత్తమ్మా పెట్టె పట్టుకుని ఆటో ఎక్కాం.

గేటు దగ్గర వాచ్‌మన్ మా పెట్టె వైపు చూసి, "పనోళ్ల గేటు ఎనకకుంది, అటు పోండ్రి" అన్నాడు. అత్తమ్మ ఏదో అనబోతే చేయి పట్టుకుని ఆపాను. వెనక గేటు నుంచే లోపలికి వెళ్లాం.

క్లబ్‌హౌస్‌లో ఆమె బల్ల ముందు మంది బాగానే ఉన్నారు. బల్ల వెనక మనిషెత్తు బ్యానరు. దాని మీద నేను! పాత చీర, రాలిన గోడ, కళ్లద్దాలు లేక చికిలించిన కళ్లు. కింద ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలు.

"నీ బొమ్మే గదా! ఏం రాసిన్రు బిడ్డా?" అంది అత్తమ్మ, ముఖమంతా సంబరంతో.

నేను మొదట నాలో నేనే చదువుకున్నాను. అత్తమ్మ మళ్లీ అడిగింది. చెప్పక తప్పలేదు. భర్త వదిలేసిన, అక్షరం ముక్క రాని పల్లెటూరి ఆడమనిషినట నేను. నా బతుకులో వెలుగు నింపడానికి ఒక కొవ్వొత్తి కొనాలట.

అత్తమ్మ పెట్టె కింద పెట్టింది.

"ఎవలు ఇడిసిపెట్టిన్రు? నా కొడుకా? పొద్దుగాల మాకు చాయ్ వోసిచ్చి జీడిమెట్ల డ్యూటీకి పోయిండు నా కొడుకు! ఓ అమ్మా, ఎవలు చెప్పిన్రు నీకు గీ ముచ్చట?"

హాలంతా మా వైపు తిరిగింది. ఫోటో తీసినావిడ గబగబా నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ప్లీజ్, మీ అత్తగారిని కొంచెం బయటికి తీసుకెళ్లండి. అలా రాస్తేనే కొంటారండీ. అంతా మీ మంచికే కదా చేశాను" అంది.

"నేను ఎమ్మెస్సీ చదివిన మేడం. మీరు మా ఇంట్ల కూసుండి చాయ్ తాగిన్రు. మా ఆయన ఫోటో గోడకే ఉండె. ఒక్క మాట నన్ను అడిగిన్రా?" అన్నాను. కోపం వస్తే నాకు మొదట ఏడుపొస్తుంది. అది ఆపుకోవడానికే సగం బలం పోయింది.

బల్ల ముందు ఒక పెద్దావిడ చేతిలో మా మల్లెపూల కొవ్వొత్తి ఉంది. అంతకుముందే దాన్ని వాసన చూసి, చాలా బాగుందని పక్కావిడతో అనడం నేను విన్నాను. ఇప్పుడు బ్యానరునూ నన్నూ మార్చి మార్చి చూసి, "అయితే ఈమె బాగానే ఉందిగా" అని దాన్ని బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

ఆ బ్యానరు రాసినావిడ మీద కన్నా నాకు ఈమె మీదే ఎక్కువ కోపం వచ్చింది. కొవ్వొత్తి అదే కదా! వాసన అదే, వెలుగు అదే. నేను దిక్కులేనిదాన్ని కాకపోవడం వల్ల అందులో ఏం తగ్గింది? ఎండాకాలమంతా నేను సరిదిద్దుకున్న పనిని అక్కడ ఒక్కరూ కొనలేదు. నా మీద జాలిపడుతున్న తమను తాము చూసుకుని మురిసిపోవడానికి కొన్నారు.

బ్యానరు నేనే దింపాను. మిగిలిన కొవ్వొత్తులు సర్దుకుని, ఈసారి ముందు గేటు నుంచే బయటికొచ్చాం. వాచ్‌మన్ పక్కకు జరిగి దారిచ్చాడు. అత్తమ్మ ముఖం అలా ఉంది మరి.

ఆ కాలనీ నుంచి మళ్లీ ఒక్క ఆర్డరూ రాలేదు. నేను కృతజ్ఞత లేనిదాన్నని ఆమె అందరికీ చెప్పిందని తర్వాత తెలిసింది. ఆ ఫోటో మాత్రం కింది రాతతో సహా ఫోన్ల వెంట తిరిగి తిరిగి మా నాయిన దాకా చేరింది. ఆయన మా ఆయనకు ఫోన్ చేసి, "ఏందల్లుడా, నా బిడ్డను ఇడిసిపెట్టినవంట!" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. పోలీసులకు చెబుతానని నేను మెసేజ్ పెట్టాకే ఆమె తన ఆన్‌లైన్ పేజీలోంచి దాన్ని తీసేసింది. క్షమించమని మాత్రం అనలేదు.

ఇప్పుడు మేడ్చల్‌లో సంత రోజున మేమే బల్ల వేసుకుంటాం. క్రిస్మస్ ముందు చర్చీలవాళ్లు సాదా తెల్ల కొవ్వొత్తులు చెప్పి చేయించుకుంటారు. కరెంటు పోతే పనికొస్తాయని కొనేవాళ్లూ ఉన్నారు. అత్తమ్మకు మాత్రం ఒక కొత్త అలవాటైంది. వచ్చినవాళ్లకల్లా, "మా కోడలు ఎమ్మెస్సీ చదివింది, మస్తు తెలివి" అని మొదలుపెడుతుంది.

"అత్తమ్మా, నా చదువు ముచ్చట ఎందుకు? కొవ్వొత్తి గురించి చెప్పు" అని విసుక్కుంటాను.

"చెప్తే ఏమాయె? చెప్పకపోతెనే గదా, ఎవలకు తోసింది వాళ్లు రాస్తిరి!" అంటుంది. అని, మూతి ముడుచుకుని ఎదుటి మనిషి వైపు తిరిగి, "తీస్కో అమ్మా. అడుగు దాంక కాలుతది" అంటుంది.