టమాట తోటకు పెట్టుబడి చీరలు

మా దేవరకొండ దిక్కున పెట్టుబడులు రెండు రకాలు. ఒకటి రైతు భూమిలో పెట్టేది. రెండోది పెండ్లిళ్లకూ పేరంటాలకూ ఆడవాళ్లు ఒకరికొకరు పెట్టుకునే చీరలు. మొదటిది ఎప్పుడూ చాలదు, రెండోది బీరువాలో పట్టదు. ఆ చీరలు ఎవరూ కట్టరు. మడత విప్పకుండా ఇంకొకరికి పెడతారు, అంతే.

బోరు కింద రెండు గుంటల టమాట మా అమ్మది. వారం వారం జరిగే అంగడిలో గంప దించేటప్పుడు ఆమె ముఖంలో కనబడే దర్జా ఇంకే పండుగకూ నేను చూడలేదు. నా చిన్నప్పుడు హోలీ దాకా పొద్దుటిపూట చలి ఉండేది. ఇప్పుడు శివరాత్రి పోకముందే ఎండ చుర్రుమంటోంది. పోయినేడు చెట్ల నిండా పచ్చగా పూసిన పూతంతా వేడికి నేల రాలింది. అంగడికి అమ్మ ఒట్టి చేతులతో పోలేక ఇంట్లోనే కూచుంది.

ఈ యేడు పూత మొదలుకాగానే నాయిన తేల్చేశాడు.

"గీసారి గూడ రాలిందనుకో, దున్నేసి వానలు పడంగనె పత్తి పెడ్త."

"మీద నీడ చేస్తే నిలుస్తదంటున్నరు," అంది అమ్మ.

"గా నీడ పరదాలకు పెట్టుబడి యాడికెల్లి తేవాలె?"

అమ్మ ఫక్కున నవ్వింది. "పెట్టుబడా? బీరువ నిండ ఉన్నది గద!"

పలచటి చీరలు ఏరి, గుంజలు పాతి, సాళ్ల మీద కట్టాం. ముడులన్నీ నావే, ఒక్కటీ ఊడలేదని ఇప్పటికీ చెప్పుకుంటాను. చివరి సాలుకు మాత్రం చీరలు చాలలేదు. తోట పెండ్లి పందిరిలా తయారైంది. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి మరీ చూశారు.

కబురు పక్కూరికి చేరింది. మా మేనత్త, అంటే నాయిన అక్క, ఆటో దిగి నేరుగా తోటలోకే వచ్చింది.

"గా నెమలి రంగుది నీ గృహప్రవేశానికి నేను పెట్టిన చీరనే గద! టమాటలకు కడ్తవా? నా ఇజ్జత్ ఏంగావాలె?"

"వదినె, జర దాని మూలకు చూడు. పసుపు పెట్టబోయి కుంకుమ అద్దిన. గది నీ బిడ్డ పెండ్లికి నేను నీకు పెట్టిందే. తిరిగొచ్చింది."

మేనత్త మూల చూసింది, అమ్మను చూసింది. "గిన్నేండ్ల సంది చెప్పలేదేందే?"

"చెప్తే మల్ల ఇంకోటి పెడ్తవని."

ఇద్దరూ ఆ నీడలోనే కూలబడి కండ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

ఎండలు ముదిరినా చీరల కింద పూత నిలిచి పిందె పడింది. నీడ లేని చివరి సాలు మాత్రం రాలడం మొదలుపెట్టింది. ఒక పొద్దున మేం వెళ్లేసరికి ఆ సాలు మీద జరీ అంచు తెల్ల పంచె కట్టి ఉంది. మేనత్త బిడ్డ పెండ్లిలో నాయినకు పెట్టిన పంచె అది. పండుగలకు కూడా కట్టకుండా దాచుకున్నాడు. సగం సాలునైనా కప్పలేదది, ముడులు కూడా వదులే. నాయిన గట్టు మీద వేపపుల్ల నములుతూ, మమ్మల్ని చూడనట్టే నిలబడ్డాడు.

అమ్మ ముడులు విప్పి మళ్లీ గట్టిగా కట్టింది.

"గిది గూడ పెట్టుబడేనా?" అని అడిగింది ఆయనను.

పుల్ల ఉమ్మేసి నాయిన అన్నాడు. "ఇగ గీ జాగల పత్తికి పెట్టుబడి లేదు."