నేను తుడిచేసిన దేశం

మా ఇంటి పైగదిలో కిరాయికున్న అమ్మాయి గోడకు పెద్ద ప్రపంచపటం అంటించుకుంది. ఒకరోజు గది ఊడుస్తుంటే పటంలో సముద్రం మధ్యన ఈగ మచ్చ కనిపించింది. తడిగుడ్డ పెట్టి రుద్దేశాను. సాయంత్రం ఆమె కాలేజీ నుంచి వచ్చి, పటం ముందు నిలబడి నెత్తి పట్టుకుంది.

"పెద్దమ్మా, ఈడ ఒక దేశముండాలె. ఏది?"

"దేశమా? ఈగ మచ్చ గద బిడ్డా!"

"ఈగ మచ్చ గాదు. నా పీహెచ్‌డీ."

అచ్చులోకి ఎక్కనంత చిన్న దీవి కావడంతో, ఆమే ఇంకు పెన్నుతో చుక్క పెట్టుకుందట.

ఆమెది చౌటుప్పల్ దిక్కు. హైదరాబాదులో పదేళ్లు పత్రికా విలేకరిగా పనిచేసి, అది మానేసి, మా దేవరకొండ కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన మొదలుపెట్టింది. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. యాభై ఆరేళ్ల వయసులో పలక పట్టడానికి సిగ్గుపడితే, పాత పేపర్లు ముందేసి హెడ్డింగులు చదివించింది. అందుకని పెద్ద అక్షరాలు నాకు తొందరగా వచ్చాయి. ఎవరో రాజీనామా చేశారని తెలిసేది. ఎందుకు చేశారో కింద చిన్న అక్షరాల్లో ఉండేది, అది ఆమె చెప్పాలి.

"ఇంతకూ నువ్వు సదివే సదువేంది బిడ్డా?" అని అడిగాను.

"మన మండలమంత గూడ లేని దేశాలు పెద్దమ్మా. ఫౌజు లేదు, బలగం లేదు. అయినా బయటి దేశాల జనం వాళ్లను మావోళ్లే అనుకునేటట్టు ఎట్ల చేసుకుంటరు? గదీ నా సదువు."

"గింతేనా? బొట్టు పెట్టి పిలుస్తరు."

మా దగ్గర కార్యానికి కార్డు పంచితే సరిపోదు. ఇంటికి పోయి, గడప దాటి, ఆడమనిషికి బొట్టు పెట్టి పిలవాలి. ఎకరం చెలక లేనివాళ్లయినా ఇల్లిల్లూ తిరిగి పిలిస్తే పందిరి నిండుతుంది. పెద్ద ఆసామి ఫోన్లో పిలిచి ఊరుకుంటే వండిన బగారన్నం మూడు రోజులు వాళ్లే తినాలి. ఇదంతా విడమరిచి చెప్పాను. నవ్వింది గానీ రాసుకోలేదు.

తుడిచేసిన ఆ దేశంలోనే ఆమెకు చిక్కొచ్చింది. అక్కడి విదేశాంగ శాఖలో ఒక అధికారిణికి నాలుగు నెలలుగా మెయిల్ పెడుతోంది, జవాబు లేదు. ఆ దేశం మనిషి సొంత మాట లేకపోతే ఆ అధ్యాయం ఒప్పుకోనని గైడు సారు తేల్చేశాడట.

"నెలాఖరు దాంక చూస్త పెద్దమ్మా. కాకుంటే గది ఖాళీ చేసి మల్ల పేపర్లకే పోత" అంది.

నాకు చిన్న అక్షరాలు అప్పుడప్పుడే పట్టుబడుతున్నాయి.

చివరి వారంలో ఆ అధికారిణి కంప్యూటర్లో అరగంట మాట్లాడతానంది. మా ఇంట్లో సిగ్నల్ డాబా మీదే దొరుకుతుంది. నీళ్ల ట్యాంకు పక్కన స్టూలు వేసి లాప్‌టాప్ పెట్టి, తెరకు ఎండ తగలకుండా నన్ను గొడుగు పట్టుకోమంది. నోరు మాత్రం తెరవద్దంది.

అధికారిణి పూలగౌను వేసుకున్న, నా వయసు మనిషి. గడగడా మాట్లాడుతోంది. ఇరవై నిమిషాలు గడిచినా మా అమ్మాయి కలం కదల్లేదు, మొహం వాడిపోతోంది. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి తెర మీది ఆమె కళ్లు చూస్తూ నిలబడ్డాను. అవి ఒక పక్క నుంచి మెల్లగా రెండో పక్కకు పోతున్నాయి, టక్కున వెనక్కి వస్తున్నాయి. ఆ నడక నాకు కొత్తది కాదు.

"బిడ్డా, ఆమె మాట్లాడతలేదు. రాసుకొచ్చింది సదువుతాంది."

"ఎరుకనే పెద్దమ్మా. జర ఊకో."

"బొట్టు పెట్టకుంట పిలిస్తివి. గట్లనే ఉంటది."

గొడుగు ఆమె చేతికిచ్చి, కిందికి దిగి కుంకుమ బరిణె తీశాను. మా ఆయన పోయాక నన్ను బొట్టు పెట్టమన్నవాళ్లు లేరు. నేను పెట్టొచ్చా అన్న అనుమానం మెట్ల మీద వచ్చింది. ఆ దేశంలో మా వాడకట్టు వాళ్లెవరూ లేరు కదా అనుకుని పైకెక్కాను. తెర మీద ఆమె నుదురు చూసుకుని వేలితో అద్దాను.

తన మీదికి వస్తున్న వేలు చూసి ఆమె ఉలిక్కిపడి పక్కకు జరిగింది. బొట్టు మాత్రం అక్కడే ఉండిపోయి, వెనకున్న బీరువాకు అయింది. చదవడం ఆగింది. మా అమ్మాయి క్షమాపణలు చెబుతుంటే ఆమె ఏదో అడిగింది.

"ఎందుకు పెట్టినవని అడుగుతాంది."

"పిలిచెటందుకని చెప్పు. ఆమె దేశాన్ని తుడిచింది గూడ నేనే, తప్పయిందని చెప్పు."

"అది చెప్పుడేంది పెద్దమ్మా!"

"నువ్వు చెప్పకుంటే నేనే చెప్త, తెలుగుల."

చెప్పింది. అవతల ఆమె కాగితాలు బోర్లించి, కళ్లద్దాలు తీసి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"మమ్ముల తుడిచేటోళ్లు శానమంది గని, తప్పయిందన్నది నువ్వే మొదలంట" అంది మా అమ్మాయి.

అరగంట కాస్తా గంటన్నర అయింది. బయటి దేశం మంత్రి వాళ్ల దీవిలో దిగితే, ఆమె తల్లి ఇంట్లో చేపలు వండి తీసుకుపోతుందట. ఆ మంత్రి తిరిగిపోయి వీళ్లను మర్చిపోతే, 'నా చేప తిన్నావు, గుర్తుందా?' అని ఆ ముసలమ్మే ఉత్తరం రాస్తుందట. అవతల ఆమె చెబుతూనే ఉంది, ఇవతల మా అమ్మాయి రాస్తూనే ఉంది. మళ్లీ గొడుగు పట్టిన నా చెయ్యి మొద్దుబారింది.

పోతూ పోతూ ఆమె నన్ను వాళ్ల పండగకు రమ్మంది.

"ఫోన్ల పిలిస్తే రానని చెప్పు. ఇంటికొచ్చి బొట్టు పెట్టుమను" అన్నాను.

ఆ ముక్క ఎలా చెప్పిందో నాకు తెలియదు.

గైడు సారు అధ్యాయం ఒప్పుకున్నాడు. ఆమె గది ఖాళీ చేయలేదు. ఆ దేశాన్ని మళ్లీ పెట్టే పని మాత్రం నా మీద పడింది. ఆమె చూపించిన చోట చుక్క పెట్టి, పక్కన పేరు రాశాను. నావి హెడ్డింగు అక్షరాలు. పేరు సముద్రం దాటి, ఇంకో రెండు దేశాల మీదికి ఎక్కింది.

"పెద్దమ్మా, గింత పెద్దగ రాస్తివేంది?"

"ఇగ ఎవలన్న ఈగ మచ్చ అంటరేమో చూస్త" అన్నాను.