ఎంగిలి ఆట

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు లేదు. పొద్దున ఒక దోసె తిన్నానని చెప్పాల్సివస్తే, అది పెనం దాటి, పొయ్యి దాటి, పక్కింటి పిట్టగోడ మీద ఆరేసినంత ఉందని చెబుతాను. మా ఆవిడ నా మాటల్లో సగం కొట్టేసి, మిగిలిన సగాన్ని వాళ్లమ్మతో సరిచూసుకుంటుంది. ఇప్పుడు చెప్పబోయేది తిరుపతిలో ఒక కంప్యూటర్ ఆట ఎలా ఫ్లాపయిందో ఆ సంగతి. మీరూ మీకు తోచినంత కొట్టేసుకోండి.

రెండువేలు దాటి నాలుగైదేళ్లయిన కాలం. డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుంది కాబట్టి, దానికి దారి తప్పకుండా నేను రోజూ ఒకేచోట కూర్చునేవాణ్ణి. రైల్వే స్టేషన్ దగ్గరి సందులో, మేడ మీదున్న గేమ్ సెంటర్లో. ఆ మెట్లు ఎంత ఇరుకంటే, ఎక్కేవాడూ దిగేవాడూ ఎదురుపడితే బంధువులైపోవలసిందే. లోపల ఉన్నవి ఆరు కంప్యూటర్లు. ఊళ్లో నేను చెప్పింది అరవై.

ఓనరు బంగారుపాళ్యం మామిడితోటల ఇంటివాడు. మాకంటే కాస్త పెద్ద, అందుకని అందరికీ అన్నే. తోట పని వద్దని వాళ్ల నాయనతో పోట్లాడి వచ్చి సెంటర్ పెట్టాడు. ఆ నాయన ఒకసారి మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పి వెళ్లాడు. "కాయ దిగే కాలానికి ఈ పెట్టెలు నీకు అన్నం పెడితే సరే. లేకుంటే మూటగట్టుకోని వచ్చి తోట సూసుకో."

అప్పటికి చెట్లు పూతమీదున్నాయి. అన్న ఆశలన్నీ ఒక ఆటమీదున్నాయి.

అంతవరకూ మేము ఆడిన ఆటల్లో అటూ ఇటూ గోడలు, మధ్యలో ఒకటే దారి. ఇందులో అలా కాదు, ఊరు ఊరంతా నీదే, ఎటు కావాలంటే అటు పోవచ్చట. మద్రాసునుంచి వచ్చే ఇంగ్లీషు పత్రిక ఒకటి ఇవ్వగలిగిన రేటింగు చుక్కలన్నీ దానికే ఇచ్చేసింది. ఆ వ్యాసాన్ని సెంటర్లో అందరికీ తెలుగు చేసి వినిపించే పని నాది. ఊరు విశాలంగా ఉందని పత్రిక రాస్తే, తిరుపతినుంచి చిత్తూరుదాకా ఉందని చదివాను. పగలూ రాత్రీ వస్తాయని రాస్తే, గ్రహణాలు కూడా పడతాయన్నాను. రోడ్డు పక్క మనుషులు మాట్లాడతారని రాస్తే, వరసలు కలుపుతారన్నాను. పిల్లలు నోళ్లు తెరిచి విన్నారు. నేను చదివిన ఆట తయారుచేయాలంటే ఆ కంపెనీకి ఇంకో వందేళ్లు పట్టేది.

అన్న స్వయంగా మద్రాసు పోయి ఆ సీడీలు తెచ్చాడు. కంప్యూటర్లకు పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, కొత్త బండి చక్రం కింద పెట్టినట్టు మౌస్ కింద గూడూరు నిమ్మకాయ పెట్టి తొక్కించబోయాడు. అది తొక్కుడు పడకుండా దొర్లి మెట్లమీదుగా కిందికి పోయి గడియారాల భాయ్ కొట్లో ఆగింది.

ఈ భాయ్ గురించి చెప్పాలి. మెట్ల కింద వాచీలు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు. ఏ సినిమా వచ్చినా మొదటి ఆట చూసి వచ్చి కొట్టు తెరుస్తాడు. సందులోవాళ్లంతా గుమిగూడి "ఏం భాయ్?" అని అడుగుతారు. ఆయన దగ్గర రెండే మాటలు. "ఉండాది" అంటే హిట్టు. "లేదు" అంటే ఆ సినిమా డబ్బాలు మరుసటివారం రైలెక్కాల్సిందే. మద్రాసు పత్రిక ఇచ్చిన చుక్కలన్నీ కలిపి తూచినా ఈ ఒక్కమాటకు సరితూగవు.

ఇక్కడే మావాళ్లు ఇంకెక్కడా ఎవరూ చేయని పొరపాటు చేశారు. సెంటర్లో ఒక్కొక్కరికీ అరగంట. ఒకడు లేచాక ఇంకొకడు కూర్చుంటే, మొదటివాడు సేవ్ చేసి దాచిపెట్టుకున్న చోటునుంచి ఆట కొనసాగించవచ్చు. కానీ మావాడెవడూ దాన్ని ముట్టుకోలేదు.

"ఛీ, వాడు ఆడి వదిలేసింది నేను ఆడాల్నా? ఎంగిలి అప్పా అది!"

అందరూ మొదటినుంచే మొదలెట్టారు. ఆ మొదటి అరగంటలో కథానాయకుడు వానలో బస్సు దిగి, వాళ్ల మామ కొట్లో చేరి పార్శిళ్లు మోస్తాడు. అంతే. అరగంట కాగానే అలారం మోగుతుంది, ఆడేవాడు లేస్తాడు. తరువాతివాడు మళ్లీ వానలో బస్సు దిగుతాడు. లోకమంతా కళ్లప్పగించి చూస్తున్న ఆటలో మా తిరుపతి జనం చూసిందల్లా పార్శిళ్లే.

"పార్శిల్ మొయ్యను ఈడికి రావాల్నా? మా నాయన కొట్లో మొయ్యలేనా?" అన్నాడొకడు.

"గ్రహణం యాడబ్బా?" అని నన్ను నిలదీశాడు ఇంకొకడు.

భాయ్ కూడా తన అరగంట ఆడి, మెట్లు దిగి, భూతద్దం కంటికి తగిలించుకుని, "లేదు" అన్నాడు.

ఇక చూడండి. వారం తిరిగేసరికి సెంటర్లో కుర్చీలకు పని లేకుండా పోయింది. పూత పోయి పిందె పడింది. అన్న ఫ్యాన్ కూడా ఒకటే వేసుకుని కూర్చునేవాడు.

మధ్యాహ్నాలు ఆయన భోజనానికి పోతే సెంటర్ నేను చూసుకునేవాణ్ణి. హాస్టల్లో పెరిగినవాణ్ణి, ఎంగిలి పట్టింపు నాకు లేదు. నిన్న ఆపిన చోటునుంచి ఇవాళ ఆడుకుంటూ పోయాను. అలా ఒక మధ్యాహ్నం ఆ మామ పార్శిళ్లు చాలించి, బండి తాళం చేతిలో పెట్టాడు. అంతవరకూ మూసి ఉన్న వంతెన తెరుచుకుంది. అటుపక్క అసలు ఆట ఉంది.

ఒక్క ఉరుకున కిందికి పోయి భాయ్‌తో చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"గ్రహణాలు సెప్పినోడివి నువ్వే గదా?"

"ఈసారి నిజం భాయ్. శానా పెద్దది. ఆటల్లో ఇంత గొప్పది..."

"కాణిపాకం వచ్చి ప్రమాణం సేస్తావా?"

మా వైపు ఈ మాట అన్నారంటే ఎంత పెద్ద గొడవైనా అక్కడితో ఆగుతుంది. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం ఆడేంత ధైర్యం మాలో ఎవరికీ లేదు. నేను మెల్లగా మెట్లవైపు జరిగాను. భోజనంనుంచి వచ్చి మెట్లమీద నిలబడి వింటున్న అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "సేస్తాడు భాయ్. రేపే పోదాం."

మరునాడు ముగ్గురం బస్సెక్కాం. దారి పొడుగునా చెట్లకు పిందెలు కనిపించినప్పుడల్లా అన్న ముఖం అవతలికి తిప్పుకునేవాడు.

గుడి దగ్గర, చెప్పులు విడిచేచోట భాయ్ నన్ను ఆపాడు. "నేను ఈడనే ఉంటా. లోపల ఏం సెప్పబోతావో ముందర నాకు సెప్పు."

గొంతు సవరించుకున్నాను. "వంతెన దాటినాక ఏడు ఊర్లు ఉండాయి భాయ్."

"సామి ముందర ఏడంటావా?"

"...మూడు."

"మూడా?"

"రెండనుకో. ఒకటి సగమే కట్టినారు."

అన్న తల పట్టుకున్నాడు. భాయ్ మాత్రం, పాడైన వాచీ మూత తీసినప్పటిలా, నిదానంగా నా ముఖంలోకి చూశాడు. "ఊ. ఇంకా?"

నాకు చెప్పడానికి పెద్దవేవీ మిగల్లేదు.

"ఊరు దాటినాక ఒక రోడ్డు కొండమీదికి పోతాది. ఆడ సేసే పనేం లేదు. బండి ఆపి నిల్చుకుంటే పొద్దు గుంకుతాది. కింద ఊర్లో ఒక్కో దీపం వెలుగుతాది. నేను దినామూ ఆడికి పోతాండా."

"గెలిసేదేముండాది?"

"ఏం లే భాయ్."

"పాయింట్లు?"

"రావు."

భాయ్ నా భుజం తట్టాడు. "నీ నోట్లోనుంచి ఇంత సిన్న మాట ఎప్పుడూ రాలేదబ్బా. ప్రమాణం వద్దులే. పోయి సామికి దండం పెట్టుకోని రాండి. మీ సెప్పులు నేను సూస్తాంటా."

సాయంత్రం తిరుపతిలో దిగగానే నేరుగా సెంటర్‌కు వచ్చాం. అన్న మొహమాటపడ్డాడు. "భాయ్, వీడు ఆడిన ఎంగిలి ఆట అది. కొత్తగా మొదలుపెడితే..."

"మా ఇండ్లల్లో పెండ్లయితే ఒకే తట్టలో నలుగురం సేతులు పెట్టి తింటాం. నాకేంది ఎంగిలి? మీరంతా వద్దంటాంటే, మీ ఆచారమేమోనని ఊరకున్నా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వంతెన దాటాడు, కొండెక్కాడు, బండి ఆపాడు. తెరమీద ఆకాశం మామిడిపండు రంగుకు తిరిగింది. కింద దీపాలు ఒక్కొక్కటే వచ్చాయి. వెనక నిలబడ్డ అన్న ఊపిరి నా మెడకు తగులుతూంది.

"ఉండాది," అన్నాడు భాయ్.

మరునాడు చూడాలి జనం! లైను మెట్లు దిగి, సందు దాటి, స్టేషన్ ముందునుంచి మలుపు తిరిగింది. ఉచిత దర్శనం టికెట్లిస్తున్నారనుకుని గుండ్లు కొట్టించుకున్న యాత్రికులు కూడా వచ్చి నిలబడ్డారు. కాయ దిగే కాలానికి అన్న వాళ్ల నాయన బుట్ట నిండా పండ్లతో వచ్చి, ఈసారి చెప్పులు బయట విడిచి, లోపలికి అడుగుపెట్టాడు.

ఈ లైను నేను కల్పించింది. ఆ నాయన బుట్ట కూడా నాదే. కాణిపాకం నిజం, భాయ్ మాట నిజం. కానీ ఆ మాట అప్పటికే ఆలస్యమైంది. ఒకసారి "లేదు" అనిపించుకున్నదాన్ని మళ్లీ చూడడానికి సందులో ఎవరూ రాలేదు. లైనులో నిలబడింది ఒక్కడే. మధ్యాహ్నం కొట్టు మూసి, భూతద్దం నుదుటిమీదికి తోసుకుని, భాయ్ రోజూ మెట్లెక్కి వచ్చేవాడు. నేను ఆపిన చోటునుంచి ఆయన, ఆయన ఆపిన చోటునుంచి నేను. చివరికి అన్న కూడా ఆడాడు. కొండమీద బండి ఆపి చాలాసేపు చూసి, "మా తోట గట్టుమీదినుంచి సూస్తే హైవే ఇట్లే ఉంటాదప్పా," అన్నాడు.

కాయ దిగే కాలానికి అన్న వాళ్ల నాయన పంపిన టెంపో వచ్చింది. కంప్యూటర్లు ఒక్కొక్కటే మెట్లు దిగాయి. కిందనుంచి డ్రైవరు హారన్ కొడుతున్నా అన్న ఒక్కదాన్ని మాత్రం కదిలించనివ్వలేదు. దాని ముందు కూర్చున్న భాయ్ ఇంకా కొండ దిగలేదు.